బేస్ అంటే పునాది ఒక్కటే కాదు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష సీజీఎల్‌కు చదువుతున్న మిత్రులకు,

నల్లగొండ గ్రంథాలయంలో మా బల్ల మీద చేతులు మారీ మారీ అట్ట ఊడిన ఇంగ్లిష్ పదాల పుస్తకం ఒకటి ఉండేది. బేస్, వైల్, సార్డిడ్, ఇగ్నోబుల్, అబ్జెక్ట్ (abject) అన్నింటికీ అందులో ఒకటే అర్థం: నీచమైన. తెలుగు మీడియం వాళ్లకు హాయిగానే ఉంటుంది. కానీ పరీక్ష మొదటి దశ టయర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత. ఆప్షన్లలో మూడు 'నీచమైనవే' అయితే దేన్ని గుర్తిస్తారు?

అందుకే విశేషణాన్ని దాని పక్కన నిలబడే నామవాచకంతో కలిపి రాసుకోవడం మొదలుపెట్టాను. బేస్‌నే చూడండి. చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే కదా అని ఎవరూ నిఘంటువు తెరవరు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి కావలసిందీ అదే. పునాది అనే బేస్ గ్రీకు నుంచి వచ్చింది. నీతి తక్కువ అనే బేస్‌కు మూలం లాటిన్‌లో పొట్టి, తక్కువ అని అర్థమున్న మాట. పలకడం ఒకటే, వంశాలు వేరు. ఈ రెండోది మోటివ్, ఇన్‌స్టింక్ట్, ట్రెచరీ లాంటి మాటల ముందు వస్తుంది. బంగారం, వెండితో పోలిస్తే విలువ తక్కువైన సీసం, ఇనుము లాంటివి బేస్ మెటల్స్. బంగారు నాణెంలో వాటిని కలిపి విలువ దించితే డిబేస్ చేసినట్టు. బేస్‌లెస్ మాత్రం పునాది వంశానిది: ఆధారం లేని ఆరోపణ. నీతితో దానికి పని లేదు.

వైల్ పరిధి పెద్దది. కంపుకొట్టే వాసనకూ, పాడు వాతావరణానికీ చెల్లుతుంది. సార్డిడ్‌లో మురికి వ్యవహారం, తరచుగా డబ్బు ఉంటాయి. ఇగ్నోబుల్ నోబుల్‌కు వ్యతిరేకం, అంతే.

అబ్జెక్ట్ దగ్గరే ఆ పుస్తకం మీద కోపం వచ్చింది. అబ్జెక్ట్ పావర్టీ అంటే కటిక పేదరికం. పాలమూరు వలస కూలీల మీద వ్యాసం చదువుతూ దాన్ని 'నీచమైన పేదరికం' అనుకోవాలా? పూట గడవక బొంబాయి బస్సెక్కినవారిలో నీచం ఎక్కడుంది? దీన్ని పావర్టీ, మిజరీ, ఫెయిల్యూర్‌లతో కలిపి రాసుకోండి.

బేస్‌కు వ్యతిరేకపదం అడిగి, ఆప్షన్లలో టాప్, నోబుల్ రెండూ ఇస్తే వాక్యంలోని నామవాచకం చూడండి. కాండక్ట్ ఉంటే నోబుల్. వాక్యమే ఇవ్వకపోతే మిగతా రెండు ఆప్షన్లు ఏ వంశానివో చూడండి. అప్పటికీ తేలకపోతే వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.