స్పోర్ట్ క్వాడ్ ముందు షాకులు: ఎత్తు కుదిరాకే క్లిక్కులు

క్వాడ్ (నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) ముందు భాగం గట్టిగా కొడుతోందనిపించగానే చాలామంది చెయ్యి నేరుగా కంప్రెషన్ స్క్రూ (షాక్ నొక్కుకునే వేగాన్ని అదుపుచేసేది) మీదికి పోతుంది. నాలుగు క్లిక్కులు తిప్పి, తేడా కనపడకపోతే షాకులే మంచివి కావని తేల్చేస్తారు. బండి ఉండాల్సిన ఎత్తులో లేకపోతే ఎన్ని క్లిక్కులు తిప్పినా వృథా.

ముందుగా చక్రాలు గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. బాల్ జాయింట్‌లోనో, ఏ-ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకి కలిపే చెయ్యి) బుష్‌లోనో లూజు తగిలితే దాన్ని మార్చాకే మిగతా పని. రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి. వీటిలో పట్టేదే 4, 5 పీఎస్ఐ కాబట్టి కారు టైర్ల గేజ్ ఇక్కడ పనికిరాదు, తక్కువ ప్రెషర్ గేజ్ కావాలి.

ఇక శాగ్. చక్రాలు వేలాడుతుండగా ఇరుసు మధ్య నుంచి నిలువుగా పైన ఫెండర్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత హెల్మెట్, బూట్లతో సహా నడిపే మనిషి ఎక్కి, నడిపే భంగిమలో ఉండగా మళ్ళీ కొలవండి. ఆ తేడాయే శాగ్. అది మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందికీ కదలగల దూరంలో) పావు నుంచి మూడో వంతు లోపు ఉంటే మంచి మొదలు. యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ ముందు ట్రావెల్ దాదాపు 250 మి.మీ., అంటే 65 నుంచి 80 మి.మీ. శాగ్ అన్నమాట.

ఇక్కడే లెక్క తప్పుతుంది. క్వాడ్‌ని జాకీ మీంచి దించితే చక్రాలు పక్కలకి జరగాలి, కానీ రబ్బరు నేలని పట్టుకుని జరగనివ్వదు. బండి సగంలోనే ఆగిపోతుంది. మనిషి ఎక్కాక కూడా రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించి, అప్పుడు కొలవాలి.

శాగ్ తేడాగా ఉంటే ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే బిగింపు, మార్చాలి. అప్పుడు చక్రాలు గాల్లోనే ఉండాలి. మరల్లో మట్టిని బ్రష్‌తో తీసి, స్ప్రే కొట్టి, లాక్ రింగ్ వదులు చేసి, సి-స్పానర్‌తో తిప్పండి. సుత్తీ స్క్రూడ్రైవరూ పెట్టి కొడితే అల్యూమినియం రింగ్ అంచులు ఊడిపోతాయి. రింగ్ 1 మి.మీ. దిగితే బండి అంతకు రెట్టింపు, ఇంకాస్త ఎక్కువే లేస్తుంది, ఎందుకంటే షాక్ కన్నా చక్రం కదిలే దూరం ఎక్కువ. రెండు వైపులా స్ప్రింగ్ పొడవు కొలిచి సమానం చేయండి.

ప్రీలోడ్ స్ప్రింగ్‌ని గట్టిపరచదు, ఎత్తుని మారుస్తుంది అంతే. మనిషితో శాగ్ సరిగ్గా ఉండి, మనిషి దిగాక దాదాపు శూన్యమైతే ఆ బరువుకి స్ప్రింగ్ మెత్తన. అది మార్చాల్సిందే.

ఎత్తు మారితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది) కూడా మారుతుంది. మాన్యువల్‌లో ఉన్న కొలతకి స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్ళే రెండు టై రాడ్‌లనీ సమానంగా తిప్పి సరిచేయండి.

ఇప్పుడు క్లిక్కులు. స్క్రూని కుడివైపు మెల్లగా ఆగేదాకా తిప్పి, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టి రాసుకోండి. బలంగా బిగిస్తే లోపల సూది పాడవుతుంది. ఒకేసారి ఒక్క సర్దుబాటే, రెండేసి క్లిక్కులు, రెండు షాకులకీ సమానంగా. కాసేపు నడిపి నూనె వేడెక్కాకే తీర్పు చెప్పండి.

అందరూ పొరబడేది రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగం) దగ్గర. వరుస గుట్టల్లో మొదటి రెండూ హాయిగా దాటి, మూడోదాన్నుంచి చేతులు అదిరితే కంప్రెషన్ ఎక్కువైందనుకుని తగ్గిస్తారు. నిజానికి రీబౌండ్ మరీ నెమ్మదై, షాక్ తిరిగి సాగేలోపే తర్వాతి గుట్ట వచ్చేస్తోంది. ముందు భాగం గుట్టగుట్టకీ కిందికి కుంగిపోతుంది. కంప్రెషన్ తగ్గిస్తే ఇంకా కుంగుతుంది. రీబౌండ్‌ని రెండు క్లిక్కులు బయటికి తిప్పి చూడండి. మరీ వదిలేస్తే దూకి దిగగానే ముందు భాగం ఎగిరి తంతుంది, అప్పుడు ఒక క్లిక్ లోపలికి తేవాలి.

షాక్ షాఫ్ట్‌కి ఒక జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) కట్టి ఉంచండి. దూకుళ్ళయ్యాక అది బంప్ రబ్బరు (షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు తగిలే దిండు) దాకా ఎప్పుడూ చేరకపోతే కంప్రెషన్ ఎక్కువ. ప్రతి దూకుడుకీ చేరి ఠంగుమంటే తక్కువ. పెద్ద దూకుడులో ఒక్కసారి మెల్లగా తాకితే చాలు.

షాఫ్ట్ చుట్టూ నూనె తడి కనిపిస్తే మాత్రం క్లిక్కులు ఆపేసి, షాకులు బండి నుంచి తీసి, మెకానిక్ చేత సీల్ మార్పించండి. లోపల నైట్రోజన్ ఒత్తిడి మీద ఉంటుంది, షాకుని ఇంట్లో విప్పొద్దు.