వెండెల్ స్మిత్ కోసం రీళ్ళు తిప్పిన అనుభవం

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ బరిలోకి దిగడంతో అమెరికాలో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్ళ మీద ఏళ్ళ తరబడి సాగిన నిషేధం బద్దలైంది. ఆ రోజు కోసం పదేళ్ళుగా కలం పట్టి పోరాడిన విలేకరి వెండెల్ స్మిత్. పిట్స్‌బర్గ్‌లో చదువుకుంటున్న నాకు ఆయన సంగతి ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఆ రాతలు అచ్చులో ఎలా పడ్డాయో చూడాలనిపించింది.

ఆయన పనిచేసిన పిట్స్‌బర్గ్ కొరియర్ 1907లో పుట్టిన నల్లజాతి వారపత్రిక. కంప్యూటర్లో పేరు కొట్టి వెతికితే చాలావరకు దొరకలేదు. అచ్చు మసక, యంత్రం సగం అక్షరాలను పోల్చుకోలేదు. పిట్స్‌బర్గ్‌లోనే ఓక్లాండ్ అనే పేటలో ఉన్న కార్నెగీ లైబ్రరీకి వెళ్ళి మైక్రోఫిల్మ్, అంటే పాత పేజీలను చిన్న ఫొటోలుగా తీసి దాచిన ఫిల్ము రీళ్ళు, అడిగాను. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు నెల, సంవత్సరం రాసుకుని వెళ్ళాలి. పేరు చెబితే లాభం లేదు, రీళ్ళు తేదీల వారీగా ఉంటాయి.

నేను తీయించుకున్నది 1939 వేసవి. ఫిల్ము కొసను గాజు పలక కింద నుంచి లాగి అవతలి చక్రానికి చుట్టి, మెల్లగా తిప్పాలి. తొందరపడితే పేజీలన్నీ బూడిదరంగు చారలైపోతాయి. ఒక్క వారం సంచిక దాటడానికే చాలాసేపు పట్టేది. తలనూనె ప్రకటనలు, చర్చి కబుర్లు దాటాక క్రీడల పేజీ వస్తుంది.

ఆ వేసవిలో స్మిత్ చేసిన పని నన్ను కట్టిపడేసింది. "నల్లవాళ్ళతో ఆడటానికి తెల్ల ఆటగాళ్ళు ఒప్పుకోరు" అని జట్ల పెద్దలు తప్పించుకునేవారు. ఒప్పుకుంటారో లేదో ఆటగాళ్ళనే అడుగుదామని ఆయన బయల్దేరాడు. పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్‌తో ఆడటానికి వచ్చే జట్లు షెన్లీ హోటల్లో దిగేవి. అక్కడికి వెళ్ళి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ మేనేజర్లనూ ఆటగాళ్ళనూ ఒక్కొక్కరినే అడిగి, జవాబులను వారం వారం పేర్లతో సహా అచ్చేశాడు. ఎక్కువమంది అభ్యంతరం లేదన్నారు. పైవాళ్ళు అనుమతిస్తే తీసుకుంటానన్నాడు డాడ్జర్స్ మేనేజర్ లియో డ్యురోషర్. కుదరదన్న మేనేజర్ జెయింట్స్ జట్టుకు చెందిన బిల్ టెర్రీ. ఆ జవాబులు అచ్చయ్యాక ఆటగాళ్ళ మీదికి నెపం నెట్టడానికి జట్ల పెద్దలకు వీలు లేకపోయింది. ఇంత ఓపికగా, ఇంత నేరుగా చేసిన క్రీడా విలేకరితనం నేనింకెక్కడా చదవలేదు.

షెన్లీ హోటల్ ఇప్పుడు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం పిట్ యూనియన్ అనే విద్యార్థుల భవనం. లైబ్రరీ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఎన్నోసార్లు అందులో కూర్చుని భోంచేశాను.

తర్వాత 1945 రీలు. ఆ ఏప్రిల్‌లో స్మిత్ రాబిన్సన్‌తో పాటు శామ్ జెత్రో, మార్విన్ విలియమ్స్‌లను బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ మైదానమైన ఫెన్‌వే పార్కులో ఆటగాళ్ళ ఎంపిక పరీక్షకు తీసుకెళ్ళాడు. రెడ్ సాక్స్ ఎవరినీ తీసుకోలేదు. ఆ జట్టులో నల్లజాతి ఆటగాడు అడుగుపెట్టడానికి 1959 దాకా పట్టింది. స్మిత్ మాత్రం అక్కడితో ఆగక, డాడ్జర్స్‌ను నడిపే బ్రాంచ్ రికీకి రాబిన్సన్ గురించి చెప్పాడు.

ఇప్పుడు 1947 రీళ్ళ దగ్గరున్నాను. ఆ ఏడాది ఆయన రాబిన్సన్‌తో ఊరూరా తిరుగుతూ వార్తలు పంపాడు. బేస్‌బాల్ రచయితల సంఘంలో అప్పటికింకా ఆయనకు చోటు లేదు.