ఫోల్డర్ కాదు, ఫైలే తేడా

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాన్నకు తను చిన్నప్పుడు చదివిన పశువైద్యం పుస్తకం కంటబడింది. ఎంత మురిసిపోయారో! తీరా ఇంటికొచ్చి తెరిస్తే, "అక్షరాలు ఆనట్లేదురా" అన్నారు.

పేజీలు ఫొటో తీసి టెక్స్ట్‌గా మార్చేస్తే ఫోన్‌లో ఎంత పెద్దవిగానైనా చదువుకోవచ్చు. అందుకు టెస్సరాక్ట్ ఉంది. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయిన ప్రోగ్రామ్ అది. నా ల్యాప్‌టాప్‌లో నడిచేది ఉబుంటు 22.04 అనే లైనక్స్. ప్రోగ్రాములు దించుకునే దాని ఆప్ట్‌లో దొరికేది టెస్సరాక్ట్ 4.1.1 వెర్షన్. నాకు 5 కావాలి, అందుకని సోర్స్ కోడ్ తెచ్చుకుని కంపైల్ చేశాను, అంటే ప్రోగ్రామ్‌ను నేనే కట్టుకున్నాను.

మొదటిసారి నడిపితే లిబ్‌టెస్సరాక్ట్ లైబ్రరీ (ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైలు) లేదంది. ఇది చిన్న సంగతే. లైబ్రరీ యూజర్ లోకల్ లిబ్ ఫోల్డర్‌లో పడింది కానీ, సిస్టమ్ దగ్గరున్న జాబితాలోకి ఇంకా ఎక్కలేదు. ఆ జాబితాను తాజా చేసే సుడో ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ కొట్టగానే సర్దుకుంది.

అసలు టెన్షన్ తెలుగుతో మొదలైంది. డేటా ఫైలు తెరవలేకపోతున్నాను, భాషల ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే టెస్‌డేటా ప్రిఫిక్స్ సరిగ్గా పెట్టారో లేదో చూసుకోండి అంటుంది టెస్సరాక్ట్. భాషల జాబితా అడిగితే సున్నా చూపించింది. నిజమే, సోర్స్ నుంచి కట్టుకుంటే భాషల ఫైళ్లు వెంట రావు, మనమే తెచ్చి యూజర్ లోకల్ షేర్‌లోని టెస్‌డేటాలో పెట్టాలి. డౌన్‌లోడ్ కమాండ్ డబ్ల్యూగెట్‌తో తెలుగు ఫైలు తెచ్చి పెట్టాను. మళ్లీ అదే మాట, అక్షరం పొల్లు పోకుండా.

ఎర్రర్‌లో ఫోల్డర్ గురించి ఉంది కాబట్టి రెండు గంటలు ఫోల్డర్ చుట్టూనే తిరిగాను. ప్రిఫిక్స్ మార్చాను, పర్మిషన్లు మార్చాను, టెర్మినల్ మూసి తెరిచాను. నాన్న రెండుసార్లు తొంగి చూసి, "మొదటి పేజీ వచ్చిందా?" అని అడిగి వెళ్లారు. ఆ మాటకే మనసు చివుక్కుమంది.

చివరికి స్ట్రేస్ అనే టూల్ పెట్టి నడిపాను. ప్రోగ్రామ్ ఏ ఫైలును ఎక్కడ తడుముతోందో అది వరసగా చూపిస్తుంది. తెలుగు ఫైలున్న లైను చూశాను. ఫైలు దొరక్కపోతే చివర మైనస్ 1 ఉండాలి. 3 ఉంది. అంటే ఫైలు దొరికింది, తెరుచుకుంది కూడా! మరి తేడా లోపలే ఉండాలి. ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టి సైజు చూస్తే ఎంబీల్లో ఉండాల్సింది వందల కేబీల్లో ఉంది. ఫైలు రకం చెప్పే ఫైల్ కమాండ్‌తో అడిగితే హెచ్‌టీఎంఎల్ డాక్యుమెంట్ అని తేల్చేసింది. నేను దించింది భాష ఫైలు కాదు, దాన్ని చూపించే వెబ్ పేజీ. పేరు మాత్రం ఫైలుదే. ఫైలు లేకపోయినా, ఉన్నది పాడైపోయినా టెస్సరాక్ట్ చెప్పేది ఆ ఒక్క మాటే. అక్కడ రెండు వేర్వేరు మాటలు ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

రా లింకు (నేరుగా ఫైలునే ఇచ్చే లింకు) నుంచి అసలు ఫైలు తెచ్చి పెట్టాను. పేజీ నిమిషంలోపే వచ్చేసింది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి నాన్నకు ఇచ్చాను. నాలుగు లైన్లు చదివి ఆగారు.

"జబ్బవాపును జబవాపు అని రాసిందిరా, బ కింద ఒత్తు పోయింది."

ఇప్పుడు రోజుకు పది పేజీలు నేను తీస్తున్నాను, ఒత్తులు నాన్న దిద్దుతున్నారు.