తిరిగి ఇంటికి వచ్చిన గోంగూర పచ్చడి

2019 ఆగస్టులో మా అమ్మాయి పై చదువు కోసం అమెరికా వెళ్ళిన రాత్రి నేను రెండు చోట్ల రాశాను. శంషాబాద్ విమానాశ్రయం నుంచి కారులో తిరిగి వస్తూ ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో పెట్టి, దాని కింద మూడు వాక్యాలు రాశాను. కన్నతల్లిగా గర్వంగా ఉందనీ, పెద్దలందరి ఆశీస్సులు కావాలనీ వాటి సారాంశం. ఇంటికి చేరాక నిద్ర పట్టక, తెల్లవారుజామున వంటింట్లో కూర్చుని డైరీలో నాలుగు పుటలు రాశాను. మొన్న ఆగస్టులో ఫేస్‌బుక్ తనంతట తానే ఆ ఫొటోను జ్ఞాపకంగా ముందుకు తెచ్చినప్పుడు, బీరువాలోంచి ఆ ఏటి నోటుపుస్తకం తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ఫేస్‌బుక్‌లో రాసిన దాంట్లో అబద్ధం లేదు. గర్వం నిజంగానే ఉంది. అయితే ఆ మూడు వాక్యాలు ఆ రాత్రి అదే గుమ్మం దగ్గర నిలబడ్డ ఏ తల్లి అయినా రాయగలిగినవి. డైరీలో ఉన్నది వేరు. ఒక్కో పెట్టె 23 కిలోలు మించకూడదని ఇంట్లో రెండుసార్లు తూచామనీ, విమానాశ్రయం గుమ్మం బయట మా తమ్ముడు చేతికాటాకు తగిలించి మళ్ళీ తూస్తే ముల్లు 24 దాటిందనీ, అక్కడే నేలమీద పెట్టె తెరిచి, నేను రెండు కవర్లలో చుట్టి దారంతో బిగించిన గోంగూర పచ్చడి పొట్లాన్ని అమ్మాయి తీసి నా చేతిలో పెట్టిందనీ ఉంది. బూట్లు తీయవచ్చు కదా అని నోటిదాకా వచ్చి ఆగిపోయాననీ, అద్దాల అవతల నడుస్తూ అది ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడకపోతే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చిందనీ ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు గురించి ఒక పుట నిండా ఉంది. చివర, పొట్లం నా సంచిలోనే తిరిగి ఇంటికి వచ్చిందనీ, దాన్ని ఎవరికీ పెట్టబుద్ధి కాక ఫ్రిజ్ అడుగు అరలో దాచాననీ రాసి ముగించాను.

ఆ పొట్లం సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. డైరీ లేకపోతే, ఆ రాత్రి నాకు గర్వం మాత్రమే కలిగిందని నేనే నమ్మి ఉండేదాన్ని. నన్ను కలవరపెట్టింది ఇదే. పదిమంది కోసం రాసిన మాట పదిమందితో ఆగదు, కొన్నేళ్ళకు రాసిన మనిషి జ్ఞాపకాన్ని కూడా అది ఆక్రమించుకుంటుంది. నా ఫేస్‌బుక్‌లో అత్తవారి తరఫు బంధువులు, కాలేజీలో నాతో పనిచేసేవాళ్ళు, నా దగ్గర చదువుకున్న పిల్లలు అంతా ఉన్నారు. వాళ్ళందరి ముఖాలూ ఎదురుగా ఉంటే, రాయబోయే వాక్యం వేలు కదలకముందే తనను తాను సర్దుకుంటుంది. బిడ్డ మీద కోపం వచ్చిందన్న మాట అక్కడ పుట్టే అవకాశమే లేదు.

నలుగురి కోసం దినచర్య రాయడం సామాజిక మాధ్యమాలతోనే మొదలు కాలేదు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చేవరకూ రోజువారీగా రాసి, తన మిత్రుడికి పంపుతూ వచ్చారు. అది 1838లో అచ్చయింది. మజిలీలు, దూరాలు, సత్రాలు, దొరికే సరుకులు, నీటి వసతి, ఇవన్నీ అందులో ఎంత శ్రద్ధగా ఉన్నాయో చదివినవారికి తెలుసు. మరొకరికి ఉపయోగపడాలని రాసినది కాబట్టే అది అలా వచ్చింది. దానికి భిన్నమైనది పుదుచ్చేరిలో ఫ్రెంచివారికి దుబాసీగా, అంటే దుభాషిగా, పనిచేసిన ఆనందరంగ పిళ్ళై దినచర్య. మన కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే ఛందోగ్రంథం రాసింది ఈయన పేరుతోనే. 1736 నుంచి 1761లో చనిపోయేవరకూ ఆయన తమిళంలో రాసుకున్న పుస్తకాలు 1846లో గానీ వెలుగులోకి రాలేదు. గవర్నరు డూప్లేతో జరిగిన ఆంతరంగిక సంభాషణలు, గవర్నరు భార్య మీద తనకున్న అయిష్టం, వీటిని బతికుండగా పదిమందిలో పెట్టగలిగే స్థితి ఆయనకు లేదు. ఈ రెండు రకాల రాతలూ కావలసినవే. ఇప్పుడు రెండో రకం మన ఇళ్ళలోంచి చడీచప్పుడూ లేకుండా జారిపోతోందన్నదే నా బాధ.

నేను కూడా దాన్ని పదమూడేళ్ళు పోగొట్టుకున్నాను. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, నేను ఉన్న హాస్టల్లో ఒక ఆదివారం స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, నా ట్రంకుపెట్టెలోని డైరీని గదిలోని అమ్మాయిలు చుట్టూ చేరి పైకి చదువుతున్నారు. నాన్న గురించి రాసుకున్న పుట అది. వార్డెన్‌కు చెబితే, దాచుకోవలసినంత విషయం రాయడం నీ తప్పు కాదా అని అడిగారు. ఆ సాయంత్రమే ఆ పుస్తకాన్ని నీళ్ళ పొయ్యిలో వేశాను. నాకు జరిగినదానికి పేరేమిటో అప్పుడు తెలియదు. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినప్పుడు, పత్రికలు ఆధార్ గురించి రాస్తుంటే, నాకు మాత్రం ఆ ట్రంకుపెట్టె మూత కళ్ళముందు కనిపించింది.

డైరీ రాస్తే మనసు తేలికపడుతుందని అంటారు. అది వెంటనే జరుగుతుందని చెప్పలేను. 1986లో అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరురాలితో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను గాయపరిచిన సంగతులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ళకు దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం, సంఘటనతో పాటు మనసులోని బాధను కూడా రాసినవాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. తర్వాత జరిగిన అనేక పరిశోధనలలో ఈ ప్రయోజనం కొద్దిపాటిదిగానే తేలింది. నా అనుభవమూ అంతే. అమ్మ పోయిన నెలలో రాసిన పుటలు నన్ను ఓదార్చలేదు. కానీ ఆసుపత్రి నుంచి అన్నయ్యతో నేను ఏ మాట అన్నానో అందులో ఉన్నది ఉన్నట్టు ఉండడం వల్ల, రెండేళ్ళ తర్వాత అదే మాట పట్టుకుని వాడికి క్షమాపణ చెప్పగలిగాను.

నేను రాసేది రెండు వందల పుటల మామూలు రూళ్ళ పుస్తకంలో. కొత్త సంవత్సరానికి ఎరువుల దుకాణాలవాళ్ళు, బ్యాంకులవాళ్ళు ఇచ్చే డైరీలు అందంగానే ఉంటాయి గానీ, తేదీలు అచ్చువేసి ఉండడం వల్ల రాయని రోజు ఖాళీగా నిలబడి నిలదీస్తుంది. పైగా మా ఇంట్లో అవి ఎప్పుడూ పాల లెక్కకే వెళ్ళిపోతాయి. ఫోనులో రాయను. తాళం ఉన్నా సరే, రాస్తుండగానే పైనుంచి ఏదో ఒక సందేశం దిగుతుంది, దానితో పాటు ఆ మనిషి కూడా గదిలోకి వచ్చేస్తాడు.

ఇప్పటికి పందొమ్మిది పుస్తకాలయ్యాయి. పట్టుచీరల అర కింద, పాత దుప్పటిలో చుట్టి ఉన్నాయి. నా తర్వాత వాటిని చదవకుండా కాల్చేయమని మొన్న ఫోనులో అమ్మాయికి చెప్పాను, చెబుతూనే ఆ గోంగూర పొట్లం సంగతి కూడా బయటపెట్టాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత, “వెనక్కి చూస్తే ఏడ్చేస్తానని చూడలేదమ్మా” అంది. “పుస్తకాలు కాల్చను. చదవను కూడా. ఉండనీ.”

ఆ రాత్రి అది అన్న మాటను తేదీ వేసి రాసుకున్నాను.