నాయిన స్పీకర్లకు ఫ్యాను కెపాసిటర్లు

నల్లగొండలో మా ఇంటి సజ్జ మీద పదేళ్లుగా గోనెసంచి కప్పుకొని పడి ఉన్న రెండు స్పీకర్లను ఈ ఎండాకాలం కిందికి దింపాను. 2002లో మా నాయిన కొన్న మినీ హై-ఫై సెట్టుతో వచ్చినవి. మూడు సీడీలు పట్టే ఆ సెట్టు ఎప్పుడో పాతసామాన్లాయన తోపుడుబండి ఎక్కింది. స్పీకర్లను మాత్రం అమ్మ పోనివ్వలేదు. నాయిన పొద్దుగూకి వాటి ముందు కూర్చొని ఒగ్గు కథలు వినేవాడు మరి.

ముందుగుడ్డ ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది. లావు శబ్దాలు పలికే ఐదంగుళాల వూఫర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు తగిలితే చాలు, తారులాగా చేతికి అంటుకుంటోంది. ఈ ఫోమ్ వాడినా వాడకపోయినా గాలిలోని తేమకు, వేడికి పదిహేను ఇరవై ఏళ్లలో పొడైపోతుంది. స్పీకర్ చెడిపోయిందనుకొని చాలామంది పారేసేది ఈ దశలోనే. మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు వూఫర్ల కాయిల్సూ ఐదు ఓమ్‌లకు కొంచెం అటూఇటూ చూపించాయి. వెనక 6 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్‌కు అది సరైన లెక్కే. అంటే ప్రాణం ఉంది, చర్మమే పోయింది.

కొత్త రింగుల కోసం హైదరాబాద్ బస్సెక్కాను. కోఠిలో గుజరాతీ గల్లీలో దొరకని స్పీకర్ సామాను ఉండదు. తీరా తెచ్చి పెట్టి చూస్తే రింగు పెద్దదైంది. నేను కొలిచింది బయటి ఇనుప ఫ్రేమును. కొలవాల్సింది కాగితం కోన్ అంచును, దాంతోపాటు ఫ్రేములో రింగు కూర్చునే గట్టును. రెండోసారి కోన్ కొలతను అట్టముక్క మీద గీసుకొని మరీ పోయాను. రానూపోనూ రెండొందల కిలోమీటర్లు, అదీ రెండుసార్లు. టేపు సరిగ్గా పట్టనందుకు కట్టిన జరిమానా.

పాత జిగురు గీకడం విసుగు పుట్టించే పని. థిన్నర్ వాడమని ఎవరో చెప్పారు గానీ కాగితం కోన్ మీద అది ఒలికితే ఏమవుతుందోనని భయపడి, గోరుతోనూ పాత బ్లేడుతోనూ ఒక్కోదానికి గంటన్నర కూర్చున్నాను. అంటించడానికి తెల్ల ఫెవికాలే. కాగితానికీ ఫోముకూ అది బాగా పడుతుంది, పైగా తొందరగా ఆరదు కాబట్టి సర్దుకునే టైం ఇస్తుంది. ఆ సర్దుకోవడమే ఇందులో కీలకం. కోన్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా కాయిల్ అయస్కాంతానికి రాసుకొని గరగరమంటుంది. ముందు రింగును కోన్‌కు అంటించి ఒక రాత్రి వదిలేశాను. మరునాడు ఫ్రేముకు అంటించేటప్పుడు ఫోన్లోని టోన్ జనరేటర్ యాప్‌తో 30 హెర్ట్జ్ మోత సన్నగా వదిలి, కోన్ ఊగుతుండగానే వేళ్లతో చుట్టూ సర్దుతూ పోయాను. గరగర ఆగిన చోట వదిలేశాను. అంతే, కదిలించలేదు.

రెండో వూఫర్ బిగించేటప్పుడు మాత్రం ఒళ్లు చల్లబడింది. స్క్రూడ్రైవర్ చేతిలోంచి ఎగిరి అయస్కాంతం వైపు దూకి కోన్‌కు చిల్లు పెట్టింది. కందిగింజంత. టిష్యూ పేపర్ ముక్కకు నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి వెనకనుంచి అతికించాను. ఇప్పుడు వింటే తేడా తెలియదు, చూస్తే తెలుస్తుంది.

ఇక డబ్బా లోపలికి వస్తే, ఆ కంపెనీవాళ్ల పొదుపు చూసి నవ్వొచ్చింది. వూఫర్‌కు ఏ అడ్డూ లేకుండా వైరు నేరుగా పోతోంది. ట్వీటర్‌కు ఒకే ఒక్క 4.7 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఏ శబ్దం దేనికి పోవాలో విడగొట్టే క్రాస్ఓవర్ అంటే అదే. కెపాసిటర్ లావు శబ్దాలను ఆపి సన్నశబ్దాలను మాత్రమే ట్వీటర్‌కు పంపుతుంది. 6 ఓమ్‌ల లెక్కన దాదాపు 5,600 హెర్ట్జ్ దగ్గర దాని పని మొదలవుతుంది. మీటర్ పెడితే ఒకటి 4.4 చూపించింది, ఇంకోటి 3.1. కుడివైపు తాళాలు ఎప్పుడూ నీరసంగా వినిపించేవని నాయిన అంటుంటే మేం ఆయన చెవిని అనుమానించేవాళ్లం.

ఇలాంటిచోట ఎలక్ట్రోలిటిక్ తీసేసి పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టాలని తెలిసినవాళ్లు చెబుతారు. అది ఎండిపోదు, విలువ మారదు. ఆడియో పేరుతో అమ్మేవాటి రేట్లు చూస్తే స్పీకర్ల కంటే ఎక్కువయ్యేలా ఉన్నాయి. అప్పుడు పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. సీలింగ్ ఫ్యాన్‌లో ఉండేదీ మెటలైజ్డ్ పాలీప్రొపిలీన్ కెపాసిటరే కదా! 440 వోల్టులు తట్టుకునేది, ఏళ్లతరబడి కరెంటు దెబ్బలు తినేది. ప్రకాశం బజార్లో ఒక ఎలక్ట్రికల్ షాపుకు పోయి 2.5 మైక్రోఫారడ్‌లవి రెండు, 2.25 మైక్రోఫారడ్‌లవి రెండు అడిగాను.

"నాలుగు ఫ్యాన్లు ఒక్కసారే ఖరాబైనయా సార్?" అన్నాడు షాపాయన.

ఒక 2.5ను, ఒక 2.25ను పక్కపక్కన కలిపితే 4.75. ఒక్కోటి 60 రూపాయలు. సైజు పెద్దదే, అగ్గిపెట్టె కంటే లావు, కానీ డబ్బాలో చోటుకేం కరువు?

వూఫర్‌కు కాయిల్ చుట్టడం అన్నిటికంటే సరదాగా గడిచింది. వూఫర్‌ను సన్నశబ్దాల జోలికి పోకుండా ఆపితే గొంతులోని గీరుడు తగ్గుతుంది. దానికి ఎనామిల్ పూసిన రాగితీగ కావాలి. రాగితీగకు నల్లగొండలో కొదవా? బోర్లకింద బత్తాయి తోటలు వేసిన జిల్లాలో మోటార్ వైండింగ్ షాపు లేని రోడ్డుండదు. దేవరకొండ రోడ్డులో ఒక షాపుకు పోయి 20 గేజ్ తీగ పావుకిలో లోపు కావాలన్నాను. మేస్త్రీ కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారు విప్పుతూ తల ఎత్తాడు.

"ఎన్ని హెచ్‌పీ మోటర్ తమ్మీ?"

"మోటర్ గాదన్నా, స్పీకర్."

"గాలిల చుట్టుడేనా, లోపల ఇనుము ఏం బెట్టవా?"

"ఏం బెట్టను, వట్టి పైపు మీదనే."

ఆయనకు హుషారొచ్చింది. 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కకు రెండువైపులా అట్టబిళ్లలు అంటించి, పొరకు ఇరవై ఐదు చుట్లు వచ్చేలా ఐదు పొరలు ఆయనే చేతి మిషన్ మీద చుట్టి ఇచ్చాడు. నేను ఇంట్లో కూర్చొని చుడితే అది కాకిగూడులా వచ్చేది. తూకం వేసి తీగ డబ్బులే తీసుకున్నాడు, కూలి వద్దన్నాడు. మళ్లీ వచ్చి ఎట్లా మోగిందో చెప్పమన్నాడు.

నూటపాతిక చుట్లకు లెక్కప్రకారం 0.3 మిల్లీహెన్రీలు. బిగించి వింటే గొంతుకు దుప్పటి కప్పినట్టుంది. వూఫర్ మరీ ముందే, 3,200 హెర్ట్జ్ దగ్గరే తగ్గిపోవడం మొదలుపెడుతోంది, ట్వీటర్ ఇంకా అందుకోలేదు. పైపొర ఒకటి విప్పి వంద చుట్లకు దించాను. 0.2కు దగ్గర. గొంతు తెరుచుకుంది. కాగితం మీద లెక్క సరే గానీ, ఆ చివరి పొర తియ్యాలో వద్దో చెప్పింది చెవే.

డబ్బాకు చేసింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పార్టికల్ బోర్డు, వేలితో కొడితే డబడబ. లోపల గోడలకు కారు తలుపుల్లో అతికించే డాంబర్ షీట్లు వేశాను, మూలల్లో ఎం-సీల్ నొక్కాను. దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ కూడా పెట్టాను. మామూలు దూది పెట్టకండి, అణిగిపోతుంది. మొదట అత్యాశకు పోయి నిండా కుక్కితే వెనక గొట్టంలోంచి గాలే రాలేదు, బేస్ చచ్చిపోయింది. సగం తీసేశాను. వైర్లు కూడా మార్చాను, అది మాత్రం దండగ. మీటరు దూరానికి లావు వైరు వేసినా సన్నది వేసినా నాకైతే ఒక్కటే.

యాంప్లిఫయర్‌గా టీపీఏ3116 చిప్పున్న చిన్న బోర్డు పెట్టి, చెడిపోయిన ల్యాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల చార్జర్ తగిలించాను. ఒగ్గు కథ పెట్టాను. తాళాలు తళుక్కుమన్నాయి, డోలు మాత్రం లేదు. ఉంది, ఎక్కడో పక్కింట్లో కొడుతున్నట్టుంది. కథ చెప్పేవాడి గొంతు మధ్యలో నిలబడకుండా రెండు గోడలకూ చెదిరిపోతోంది. ఇంత చేసి ఇదా అని అరగంట టెన్షన్ పడ్డాను. గోడగడియారంలోని 1.5 వోల్టుల సెల్లు తీసి, ప్లస్‌ను ఎర్ర టెర్మినల్‌కు తాకించి చూశాను. ఎడమ కోన్ ముందుకొచ్చింది, కుడిది లోపలికి పోయింది. టంకం వేసేటప్పుడు ఒక వూఫర్ వైర్లు తారుమారు చేశాను. ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతోంది, బేస్ ఎక్కడ మిగులుతుంది? వైర్లు మార్చి పెట్టగానే డోలు హాల్లోకి వచ్చేసింది.

అయినా ఒక మూల గూళ్లలో పెట్టినప్పుడు బుయ్యిమంటూనే ఉంది. మాది షాబాద్ బండల గచ్చు, పైన స్లాబు, మోతకు తిరుగులేదు. గూళ్లలోంచి తీసి గోడకు రెండడుగులు ముందుకు స్టూళ్ల మీద పెట్టి, నడుమ జంపఖానా పరిచాను. పైసా ఖర్చు లేని ఈ పనికి వచ్చిన తేడా కెపాసిటర్లు మార్చినప్పుడు రాలేదు. ముందే ఇది చేసి చూసుకొని ఉండాల్సింది.

ఆ సాయంత్రం అమ్మ నాయిన కుర్చీ లాక్కొని వాటి ముందు కూర్చుంది. కథ సగంలో ఉండగా పైకి చూసింది. ఫ్యాను ఈసురోమని తిరుగుతోంది. పొద్దున కరెంటాయన వచ్చి కెపాసిటర్ వీకైందన్నాడట.

"ఆ డబ్బాలల్ల నాలుగు బెట్టినవు గదరా," అంది. "ఒకటి దీస్కొచ్చి దీనికెయ్యి."