ఆపటైట్‌లో మెగ్నీషియం పేచీ

ఎముకలు, పళ్లలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం హైడ్రాక్సీఆపటైట్‌లో కాల్షియం స్థానంలో 5 శాతం మెగ్నీషియం కావాలా? కాల్షియం నైట్రేట్ 0.095 మోల్, మెగ్నీషియం నైట్రేట్ 0.005, డైఅమోనియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.06. రెండు లోహాలూ కలిపి ఫాస్ఫరస్‌తో నిష్పత్తి 1.67 రావాలి. కాల్షియం తగ్గించకుండా మెగ్నీషియం పోస్తే లెక్క అక్కడే తప్పింది.

అమోనియాతో పీహెచ్ మరీ పెంచితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా విడిగా పడిపోతుంది. స్ఫటికంలోకి వెళ్లినదైనా బుద్ధిగా ఉండదు: అయాన్ చిన్నది (0.72 ఆంగ్‌స్ట్రామ్, కాల్షియం 1.00), స్ఫటికత తగ్గి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణ వివర్తన) శిఖరాలు వెడల్పవుతాయి. 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి చూడండి, ఎక్స్‌ఆర్‌డీలో 31.0 డిగ్రీల కోణం (2θ) వద్ద బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే వేరే ఫాస్ఫేట్ తల ఎత్తుతుంది. రాగి ఎక్స్-కిరణాలతో తీసిన లెక్క ఇది.

స్ట్రాన్షియంతో (1.18 ఆంగ్‌స్ట్రామ్) ఇంత పేచీ లేదు. ఎంత పాళ్లలోనైనా ఇముడుతుంది, శిఖరాలు ఎడమకు జరుగుతాయి, అంతే.

శాంపిల్ సీసా మీద రాయాల్సింది పోసిన శాతం కాదు, కడిగాక ఐసీపీలో (మూలకాల పాళ్లు కొలిచే ప్లాస్మా విశ్లేషణ) తేలిన శాతం.