దేవతలను చంపినవారు ఎవరికి మొక్కుతారు?

అమెరికా టీవీ ధారావాహికలుగా, సినిమాలుగా సాగే స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథాప్రపంచంలో క్లింగాన్ అనే కల్పిత గ్రహాంతర జాతి యోధుడు వోర్ఫ్, తమ జాతి దేవతల ప్రస్తావన వచ్చినప్పుడు, వారు ఎప్పుడో చనిపోయారని, వెయ్యేళ్ల కిందట తమ పూర్వయోధులే వారిని హతమార్చారని, వారి వల్ల మేలు కన్నా బెడదే ఎక్కువైందని ఎంతో మామూలుగా చెబుతాడు. దేవుడే లేడనే జాతులు కల్పిత కథలలో చాలా ఉన్నాయి. దేవతలు ఉండేవారని నమ్ముతూనే, వారిని తామే మట్టుపెట్టామని తలెత్తుకొని చెప్పుకునే జాతిని మాత్రం నేను మరెక్కడా చూడలేదు. అంతకన్నా నన్ను ఆలోచింపజేసిన సంగతి ఏమిటంటే, అంత పని చేసిన తరువాత కూడా ఆ జాతి మొక్కడం మానుకోలేదు. ఆ మొక్కు ఎటు మళ్లిందన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

క్లింగాన్‌లు 1967లో తొలిసారి తెరమీదికి వచ్చినప్పుడు వారికి మతం లేదు, పురాణం లేదు. అమెరికా, సోవియట్ రష్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో కథానాయకులకు ఎదురు నిలవడానికి ఒక శత్రువు కావలసి వచ్చింది, అంతే. నుదుటి మీది ఎముకల గట్లు 1979 నాటి సినిమాలో వచ్చాయి. 1984 నాటి సినిమా కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త వారి భాషకు వ్యాకరణం కట్టాడు, మరుసటి ఏడాది దానికి నిఘంటువు కూడా వెలువడింది. 1987లో కథానాయకుల నౌకలోనే అధికారిగా వోర్ఫ్ రాకతో శత్రువు కాస్తా ఇంటి మనిషి అయ్యాడు, ఇంటి మనిషి అయ్యాక అతని పెళ్లీ చావూ పండుగా పబ్బమూ చెప్పక తప్పలేదు. ఎందరో రచయితలు ఏళ్ల తరబడి తలా ఒక కథ చేర్చుకుంటూ పోయారు కాబట్టి ఈ పురాణంలో పొసగని ముడులు ఉన్నాయి. నా దృష్టిలో అదే దాని బలం, ఎందుకంటే జనం నోట పెరిగిన ఏ పురాణమూ అన్ని అంచులూ కలిసేటట్టు ఉండదు.

దేవతల వధ కథను వారు పెళ్లిలో చెప్పుకుంటారు. దేవతలు నిప్పుతో, ఉక్కుతో మొదటి క్లింగాన్ హృదయాన్ని పోత పోశారట. అది కొట్టుకుంటున్న చప్పుడు విని, లోకాలన్నింటిలోనూ ఇంతకన్నా బలమైనది లేదని వారు మురిసిపోయారట. కొంతకాలానికి ఆ హృదయం నీరసించి లయ తప్పింది. ఇంత బలం పోసి చేశాము గదా, ఎందుకిలా అయ్యావని దేవతలు అడిగితే, నేను ఒంటరిగా ఉన్నానని అది బదులు చెప్పింది. తాము చేసిన పొరపాటు తెలుసుకొని దేవతలు మళ్లీ కొలిమి రాజేసి రెండవ హృదయాన్ని చేశారు. రెండవది మొదటిదాని కన్నా గట్టిగా కొట్టుకోవడంతో మొదటిదానికి అసూయ పుట్టింది. కానీ రెండవదానికి బలంతో పాటు వివేకం కూడా ఉంది గనుక, మనం కలిస్తే మనలను ఆపగలిగేది ఏదీ ఉండదని చెప్పి దాన్ని తన వైపు తిప్పుకుంది. ఆ రెండూ ఒక్క లయలో కొట్టుకోవడం మొదలుపెట్టగానే దేవతలకు మొట్టమొదటిసారి భయమంటే ఏమిటో తెలిసింది. పారిపోదామనుకున్నారు గాని అప్పటికే ఆలస్యమైంది. స్వర్గం బూడిద అయింది.

ఈ కథను కేవలం క్రూరమైన కథగా చదివేవారితో నేను ఏకీభవించలేను. ఇందులో రెండవదైన ఆడ హృదయం మొదటిదైన మగ హృదయం కన్నా బలమైనది, తెలివైనది. కయ్యానికి కాలు దువ్వే మగతనాన్ని దారికి తెచ్చేది అదే. ఒంటరితనమే బలహీనత అని, జంట కుదిరితే సృష్టికర్త కూడా ఎదురు నిలవలేడని చెప్పే మాటను వధూవరులకు ఆశీర్వచనంగా ఇచ్చిన జాతిని కత్తి తప్ప మరొకటి తెలియనిదని ఎలా అనగలం? ఆ కథ ముగియగానే అతిథులు కర్రలు పట్టుకొని కొత్త జంట మీదికి వెళ్లడం కూడా ఆచారమే, ఇద్దరూ కలిసి కాచుకోవాలన్నది దాని భావం.

ఈ కథ నేను మా అమ్మకు చెప్పాను. మాది గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరొంచ ప్రాంతం. ప్రాణహిత దాటితే తెలంగాణ. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. అమ్మ అంతా విని, "మరి దేవుళ్లనే సంపుకుంటే, ఆపదొస్తే ఎవలకు మొక్కుతరు బిడ్డా?" అని అడిగింది. ఒక మనిషికి మొక్కుతరే అమ్మా అన్నాను. "గట్లనా? మనం సమ్మక్కకు మొక్కుతలేమా మరి!" అని ఆమె తేల్చివేసింది. ఆ ఒక్క మాటతో నాకు క్లింగాన్‌ల మతం తలుపు తెరుచుకున్నట్టయింది.

ఆ మనిషి పేరు కేలెస్. మోలార్ అనే నిరంకుశుడిని చంపి, చీలిపోయి ఉన్న జాతిని ఒక్కటి చేసి, గౌరవం అంటే ఏమిటో దానికి నేర్పినవాడు. తన జుట్టు నుంచి ఒక పాయ కోసి, క్రిస్టాక్ అగ్నిపర్వతపు లావాలో ముంచి, సరస్సు నీటిలో చల్లార్చి, మెలితిప్పి ఖడ్గంగా మలచుకున్నాడని చెబుతారు. అబద్ధమాడి తండ్రి పేరుకు మచ్చ తెచ్చినందుకు తోడబుట్టినవాడితోనే పన్నెండు పగళ్లు, పన్నెండు రాత్రులు పోరాడాడని మరొక కథ. చివరికి ప్రజలను వదిలి వెళ్లిపోతూ, ఆకాశంలో ఒక నక్షత్రాన్ని వేలితో చూపించి, నన్ను అక్కడ వెతకండని చెప్పి వెళ్లాడు. ఆ నక్షత్రం చుట్టూ తిరిగే బోరెత్ అనే గ్రహం మీద అతని అనుచరులు ఒక మఠం కట్టుకొని తరతరాలుగా ఎదురుచూస్తూనే ఉన్నారు.

వెళ్లిపోయిన చోటు గుర్తుంది, దేహం మాత్రం లేదు. ఇది మేడారం తెలిసినవారికి కొత్త సంగతి కాదు. కరవు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ ప్రతాపరుద్రుని సేన కోయగూడేల మీద పడితే, పగిడిద్దరాజు నేలకొరిగాడు, సారలమ్మ నేలకొరిగింది, జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు, నేటికీ ఆ వాగు జంపన్న వాగే. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైపోతే, వెతుక్కుంటూ వెళ్లినవారికి పుట్ట దగ్గర కుంకుమ భరిణె కనిపించింది. అందుకే మేడారంలో విగ్రహం లేదు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే జాతరలో, రెండవ రోజున కోయ పూజారులు గుట్ట నుంచి తల్లిని తీసుకొని దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం పలుకుతారు; దారి పొడవునా శివసత్తులు ఊగుతుంటారు, ఎదురుకోళ్లు ఎగురుతుంటాయి, తమ ఎత్తు బెల్లం తూచి మోసుకొచ్చినవారు దాన్ని బంగారమనే అంటారు. నాలుగవ రోజున తల్లులు వనప్రవేశం చేస్తారు. మా వైపు నుంచి గోదావరి దాటి వెళ్లేవారు ఎందరో. తల్లి వచ్చింది, తల్లి వెళ్లింది అనే మాటలు మా ఇళ్లలో చుట్టం గురించి చెప్పుకున్నంత సహజంగా వినిపిస్తాయి.

వెళ్లినవాడు నిజంగానే తిరిగి వస్తే ఏమవుతుంది? 1993 నాటి ఒక భాగంలో ఈ ప్రశ్ననే తీసుకున్నారు. నా మటుకు నాకు క్లింగాన్ కథలన్నింటిలోకీ అదే ఉత్తమమైనది. నమ్మకం సడలిన వోర్ఫ్ బోరెత్ మఠంలో ధ్యానం చేస్తుండగా కేలెస్ అతని ఎదుట ప్రత్యక్షమవుతాడు. పెద్ద పూజారులకు తప్ప మరెవ్వరికీ తెలియని ఖడ్గం కథ చెబుతాడు, పవిత్రమైన కిరోమ్ కత్తి మీది ఎండిన నెత్తురుతో అతని నెత్తురు సరిపోతుంది. కానీ సామ్రాజ్యాన్ని ఏలుతున్న గౌరాన్‌తో ద్వంద్వ యుద్ధానికి దిగితే ఓడిపోతాడు. చివరికి ఆ కత్తి మీది నెత్తురుతోనే మఠం పూజారులు అతన్ని తయారు చేశారని, ఆ సంగతి అతనికే తెలియదని బయటపడుతుంది. అప్పుడు వోర్ఫ్ అతన్ని మోసగాడని వెళ్లగొట్టమనడు, దేవుడని ఒప్పుకొమ్మనీ అనడు. అధికారం గౌరాన్ దగ్గరే ఉంచి, జాతికి నీతి చెప్పే చక్రవర్తిగా ఇతన్ని నిలబెట్టమంటాడు. తాను అసలు కేలెస్‌ను కానని తెలిసిన ఆ మనిషి, మనిషి కన్నా అతను చెప్పిన మాటలే ముఖ్యమేమోనని వోర్ఫ్‌ను ఓదారుస్తాడు. ఇంత లోతైన ధర్మసంకటాన్ని ఒక గంటలోపు కథలో ఇమిడ్చిన ఆ రచయిత పనితనానికి నేను నమస్కరిస్తున్నాను.

వోర్ఫ్‌కు ఆచారం మీద అంత పట్టు ఎందుకో కూడా చెప్పాలి. పసితనంలోనే కన్నవారు దాడిలో చనిపోతే అతన్ని మానవ దంపతులు పెంచారు. సొంత జాతికి దూరంగా పెరిగినందువల్లనే సొంత జాతి నియమాలు ఆ జాతి నడుమ పెరిగినవారి కన్నా అతనికే ఎక్కువ. రాజధానిలోని క్లింగాన్ పెద్దలు గౌరవం పేరు చెప్పి కుట్రలు చేస్తుంటే, దూరాన ఉన్న ఇతను ప్రతి మాటనూ అక్షరాలా పాటిస్తాడు. సరిహద్దులో పుట్టినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. సంక్రాంతి ముగ్గు, బతుకమ్మ పాట ఎక్కడ తప్పిపోతాయోనన్న బెంగ మాలో ఎప్పుడూ ఉంటుంది.

ఇక వారి చావు ఆచారాలు. యోధుడు మరణించగానే తోటివారు అతని కనురెప్పలు విప్పి చూసి, తల పైకెత్తి ఆకాశం దద్దరిల్లేటట్టు అరుస్తారు. అది ఏడుపు కాదు. ఒక క్లింగాన్ యోధుడు వస్తున్నాడు, జాగ్రత్త అని ఇప్పటికే చనిపోయినవారికి చేసే హెచ్చరిక. ఆ తరువాత దేహానికి విలువ లేదు, అది ఒట్టి డొల్ల, ఎలా పారవేసినా ఫరవాలేదంటారు. కానీ అదే జాతికి, నేస్తం శవం పక్కన కూర్చొని, ఆత్మ ప్రయాణానికి సిద్ధమయ్యేదాకా క్రూరమృగాలు దగ్గరికి రాకుండా కాపు కాచే ఆచారం కూడా ఉంది. ఈ రెండూ పొసగవు, అయినా రెండూ నిజమనే నాకు తోస్తుంది. మన ఇళ్లలోనూ ఆత్మకు చావు లేదు, దేహం చిరిగిన బట్ట అని చెప్పే పెద్దవారే శవజాగరణలో దీపం కొండెక్కకుండా తెల్లవార్లూ చూసుకుంటారు.

పోరులో మరణించినవాడు స్టోవోకోర్ అనే వీరస్వర్గానికి వెళ్తాడు, పరువు పోగొట్టుకున్నవాడు గ్రేథోర్ అనే నరకానికి. వోర్ఫ్ భార్య యుద్ధంలో కాక, ఒక మందిరంలో శత్రువు దెబ్బకు కుప్పకూలి చనిపోతుంది. ఆమెకు స్టోవోకోర్ దక్కాలంటే బతికున్నవారు ఆమె పేరు మీద ఒక పెద్ద యుద్ధం గెలవాలి, అతను ఆ పనికి పూనుకుంటాడు. పోయినవారి గతి ఉన్నవారి చేతిలో ఉందనే ఈ నమ్మకాన్ని గోదావరి ఒడ్డున పిండం పెట్టిన ఏ చేతికీ విడమరచి చెప్పనక్కరలేదు. నరకానికి వెళ్లేవారిని మోసుకుపోయే పడవను నడిపేవాడు కోర్టార్, దేవతలను చంపిన మొట్టమొదటి క్లింగాన్. ఆ పాపానికే అతనికి ఆ శిక్ష పడింది. దేవతలే లేకపోతే శిక్ష వేసిందెవరు? ఈ ప్రశ్నకు కథలో సమాధానం నాకు దొరకలేదు. పెళ్లిలో గర్వంగా పాడుకునే వధను చావు దగ్గర పాపంగా తలచుకునే జాతి మనసు మాత్రం అందులో కనిపించింది.

అయితే అమ్మ చూపిన పోలిక ఒకచోట ఆగిపోతుంది. కేలెస్ గెలిచాడు. మోలార్ చచ్చాడు, సామ్రాజ్యం నిలిచింది. సమ్మక్క గెలవలేదు, కొడుకు పోయాడు, కూతురు పోయింది, కప్పం అడిగిన రాజ్యమే నాటికి నిలిచింది. అయినా లక్షల జనం ఓడినవారి గద్దెల ముందే బెల్లం పెడుతున్నారు. క్లింగాన్ వీరస్వర్గంలో ఓడి చనిపోయినవారికి చోటు ఉంది గాని, వారి గుడి నడుమ నిలబడినవాడు విజేతే. కేలెస్ రాక మునుపు మోలార్‌కు ఎదురు తిరిగి, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకొని, ఏ కొండ వైపో నడిచి వెళ్లిపోయిన ఒక క్లింగాన్ తల్లి ఉండే ఉంటుంది. ఆ జాతి కథలు ఇంకా రాస్తున్నవారిలో ఎవరైనా ఆమె కథ రాస్తే చదవాలని నాకు ఎంతగానో ఉంది.